కౌలు కాగితంలో ఉండని మాట

యూనివర్సిటీలో భూగర్భశాస్త్ర విభాగానికి ముప్పై రెండేళ్లు పటాలు గీశాను. డ్రాఫ్ట్స్‌మన్ అనే ఉద్యోగం ఒకటుండేదని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. అప్పట్లో ప్రొఫెసర్లు గుట్టలెక్కి రాళ్లు కొట్టుకొచ్చేవారు, వాళ్ల గజిబిజి నోటుబుక్కుల్లోంచి శుభ్రమైన పటం తీసేది నేను. పుస్తకం మీద పేరు వాళ్లది, లోపల గీత నాది. ఈ మాట నేను ఎత్తగానే మా ఇంట్లో "మళ్ల షురూ చేసిండు" అని లేచి వంటింట్లోకి పోతారు.

ఇన్ని గీసినా, బాగా గుర్తున్న పటం ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. మూడంటే మూడు గడులున్న చిన్న పటం అది. దాని సంగతి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. చెబుతాను. రిటైరైనవాడికి కొత్తగా పోయే పరువేముంది?

మా విభాగంలో కింది అంతస్తులో రాళ్ల గది ఉండేది. గాజు బీరువాలు, చెక్క పెట్టెలు, వాటి నిండా నమూనాలు. ఆ గదిని చూసుకునే అటెండరు గురించే ఇదంతా. అందరూ ఆమెను ఆయమ్మ అనేవారు. నాకన్నా రెండేళ్లు పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను తమ్ముడుగారూ అని పిలిచేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త తార్నాకలో ఒక చర్చికి కాపలాదారు. చర్చి వెనక ఒక్క గది ఇచ్చారు. భర్త పోయాక కూడా, ఆమె ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అందులోనే ఉండమన్నారు పెద్దలు. ఉద్యోగం అయిపోయిన రోజు గది ఖాళీ చేయాలి. పిల్లల్లేరు. ఆ గది తప్ప ఇంకో గది లేదు.

ఆమె చదివింది ఏడో తరగతి. కానీ ఒకసారి ఏమైందో వినండి. వానాకాలంలో బీరువా కాలు విరిగి ఒక పెట్టె బోర్లా పడింది. నలభై రాళ్లు ఒక పక్క, నలభై చీటీలు ఒక పక్క. ఏ చీటీ ఏ రాయిదో తెలియక ఇద్దరు డాక్టరేట్లు నేల మీద కూర్చుని వాదించుకుంటున్నారు. ఆమె చీపురు పక్కన పెట్టి, ఒక్కో రాయీ అరచేతిలోకి తీసుకుని చీటీ అంటించుకుంటూ పోయింది. "దీని అడుగున తుడిచే గుడ్డ చిక్కుకునే ముల్లుంటుందండి. ఇది చూడ్డానికి పెద్దది, ఎత్తితే తేలిక" అంటుంది. పుస్తకాలు తిరగేసి సరిచూస్తే నలభైలో ఒక్కటీ తప్పు లేదు. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు గౌరవం. అయినా ఎగతాళి మాత్రం మానలేదు.

ఎగతాళి ఎందుకంటే, ఆమె వేలు పెట్టి చదివేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కున్నాక బైబిలు తీసి, ప్రతి మాట కిందా చూపుడు వేలు ఆనించి, పెదాలు కదుపుతూ చదివేది. తెలుగూ అంతే, ఇంగ్లీషూ అంతే.

"ఏందక్కా, అక్షరాలు పారిపోతయని వేలుతో ఆపుతున్నవా?" అనేవాణ్ణి.

"పారిపోతాయనేనండి. ఏడుతోనే బడి మాన్పించారు నన్ను. దొరికిన నాలుగు అక్షరాలైనా గట్టిగా పట్టుకోవాలి కదా తమ్ముడుగారూ" అనేది, నవ్వుతూనే.

ఇంగ్లీషు ఆమెకు ఎలా వచ్చిందంటే, వాళ్లమ్మ మిషను ఆసుపత్రిలో ఒక అమెరికా నర్సు దగ్గర వంట చేసేది. ఆ నర్సుకు టైఫాయిడ్ వస్తే నెలన్నర రాత్రింబవళ్లు పక్కనే ఉండి బతికించింది. ఆ దొరసాని ఈ పిల్లకు ఇంగ్లీషు ప్రార్థనలు నేర్పింది. ముసలితనంలో తన దేశం వెళ్లిపోయింది. పెళ్లి చేసుకోలేదు. పోతూ పోతూ వీలునామాలో వంటమనిషికీ ఆమె సంతానానికీ ఒక ఆస్తి రాసిపెట్టింది. అక్కడి కోర్టు పనులన్నీ ముగిసి, చర్చి ద్వారా కాగితాలు చేరేసరికి తల్లి లేదు. ఆస్తి కూతురి పేరు మీదికి వచ్చింది.

ఆస్తి అంటే పొలం కాదు. పొలం కిందది. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. మన దగ్గర భూమి లోపల చమురు, గ్యాసు దొరికితే అది సర్కారుది. పట్టాదారు బోరు వేసుకుని నీళ్లు తోడుకోవచ్చు, అంతవరకే. అమెరికాలో అలా కాదు. పైన దున్నుకునే హక్కు వేరు, కింద తవ్వుకునే హక్కు వేరు. పైది అమ్మేసి కిందది ఉంచుకోవచ్చు. ఓక్లహోమా అనే రాష్ట్రంలో దొరసాని తండ్రి అదే పని చేశాడు. ఆ కిందిహక్కులో దొరసాని వాటా మూడు చోట్ల ఉంది. ఒక చోట గ్యాసు బావి ఉండి, ఏడాదికోసారి చిన్న చెక్కు వచ్చేది. ఆ చెక్కుతో అక్క క్రిస్మస్‌కి మా విభాగమంతటికీ కేకు తెచ్చేది.

ఆమె రిటైర్మెంటుకు మూడు నెలలుందనగా ఒక పెద్ద కవరు పట్టుకుని మేడెక్కి వచ్చింది.

"తమ్ముడుగారూ, ఎవరో కంపెనీ వాళ్లు రాశారండి. అమ్మ వాటా అడుగుతున్నారు. పదిహేను రోజుల్లో సంతకం పెట్టి పంపమన్నారు. వాళ్లిచ్చేదానితో రామంతాపూర్‌లో రెండు గదులు వస్తాయంట. కొంచెం చూసి చెప్పండి."

కవర్లో ఒక ఉత్తరం, నాలుగు పేజీల దస్తావేజు, ఒక చిన్న పటం ఉన్నాయి. పటం చూడగానే నా బుర్ర పనిచేయడం మానేసింది. మన ఊళ్లలో సర్వే నంబర్లు వాగు వెంట, గట్టు వెంట వంకర్లు తిరుగుతాయి. అక్కడ దేశాన్నంతా మైలుకు మైలు గడులుగా స్కేలు పెట్టి కోశారు. ప్రతి గడికీ ఒక నంబరు. ఇంత అందమైన దేశాన్ని గీసే అదృష్టం నాకు లేకపోయిందే అనుకున్నాను. కంపెనీ పటంలో ఒక్క గడే చూపించారు. వీలునామాలో మూడున్నాయి. మూడూ కలిపి నేనొక మంచి పటం గీస్తానన్నాను. కంపెనీ అడిగిన గడికి ఎరుపు, మిగతా రెండింటికి పసుపు రంగు వేశాను. కింద నా చేతిరాతతో కొలబద్ద, ఉత్తర దిక్కు చూపే బాణం. నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాను.

దస్తావేజు? చదివాననే అనుకున్నాను. ఉత్తరంలో 'లీజు' అనే మాట రెండుసార్లు కనిపించింది, 'బోనస్' అనే మాట ఒకసారి. లీజు అంటే కౌలు. ఇంకేం చదవాలి?

"ఇది కౌలక్కా. ఎర్ర గడి ఒక్కటి కౌలుకు అడుగుతున్నరు. భూమి నీదే ఉంటది. పసుపువి రెండు అసలు ముట్టుకోరు. బేఫికర్‌గా పెట్టు సంతకం" అన్నాను.

నమ్మకం కోసం మా ప్రొఫెసర్ దగ్గరికీ తీసుకెళ్లాను. ఆయన కుర్రతనంలో చమురు బావుల దగ్గర పనిచేసి వచ్చినవాడు. ఉత్తరం పై పేజీలో ఎంత డబ్బిస్తారో చూసి "రేటు బానే ఉంది కదయ్యా, పెట్టించేయ్" అని, నా పటం చేతిలోకి తీసుకుని "వండర్‌ఫుల్" అన్నారు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. ముగ్గురం చూసిన ఆ నాలుగు పేజీలను ముగ్గురిలో ఒక్కరమూ చదవలేదు.

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రంలోగా కొరియర్‌లో పడాలి. తార్నాక చౌరస్తాలో మెట్రో మెట్ల దగ్గర ఒక నోటరీ టేబులు వేసుకుని కూర్చునేవాడు. ఎదురుగా నేనూ ఆమే స్టూళ్ల మీద. బస్సుల హారన్లు. నోటరీ ముద్ర ఇంకు మీద అద్ది రెడీగా పట్టుకున్నాడు.

"జల్దీ పెట్టు అమ్మా, ఇంకా నలుగురున్నరు" అన్నాడు.

"ఒక్కసారి చదువుకుంటానండి" అని ఆమె కళ్లజోడు పెట్టుకుంది. పెట్టుకుని, మొదటి పేజీ మొదటి మాట కింద వేలు పెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. వెనకాల జనం చూస్తున్నారు. నోటరీ నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. "అక్కా, నేను చూసిన గద" అన్నాను, కాస్త విసుగ్గానే. ఆమె తలెత్తలేదు. మొదటి పేజీ అయింది. రెండో పేజీ సగంలో వేలు ఆగింది. వెనక్కి జరిగింది. మళ్లీ అదే మాట మీదికి వచ్చింది.

"తమ్ముడుగారూ, కౌలు ఎన్నేళ్లకండీ?"

"లోపల ఎక్కడ్నో ఉంటదక్కా."

"ఇక్కడ ఫరెవర్ అని ఉందండి."

"ఉంటే ఏమాయె? లాయర్ల ఇంగ్లీషు గట్లనే ఉంటది."

ఆమె వేలు తీయకుండానే నా వైపు తిరిగింది. "మా నాన్న ముప్పయ్యేళ్లు కౌలు చేశాడండి. ఏటేటా కాగితం రాసేవారు. నాన్నకి చదువు రాదు, నేనే చదివి వినిపించేదాన్ని. ఏ ఏడైనా ఎప్పటికీ అనే మాట వస్తుందేమోనని వెతికేదాన్ని. వస్తే ఆ పొలం మాదైపోతుందని నా ఆశ. ఒక్క ఏడూ రాలేదు. కౌలు కాగితంలో ఆ మాట ఉండదండి. నాకు తెలిసి అది ప్రార్థన ఆఖర్న, ఆమెన్‌కి ముందు ఉంటుంది. దేవుడి రాజ్యానికి వాడే మాట అది."

నోటరీ ముద్ర కింద పెట్టి దస్తావేజూ ఉత్తరమూ తనవైపు తిప్పుకున్నాడు. రెండు నిమిషాలు చూశాడు. "అరె భాయ్, ఇది లీజు కాదు. ఖుల్లా సేల్ డీడ్. ఉత్తరంల లీజు అని రాసింది ఆల్రెడీ నడుస్తున్న బావి గురించి. నువ్వు ఏం చూసినవ్?" అన్నాడు నాతో.

నేను చూసింది పటం. 

ఆమె కాగితాలు మడిచి కవర్లో పెట్టింది. ఆ కాగితం ఆ సాయంత్రం వెళ్లకపోతే రామంతాపూర్ రెండు గదులు వెళ్లిపోయినట్టే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. "పదండి, పెద్దసారుతో మొత్తం చదివిద్దాం" అంది. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తార్నాక నుంచి క్యాంపస్ దాకా ఆటోలో నేను బయటికి చూస్తూనే కూర్చున్నాను.

ప్రొఫెసర్ ఈసారి కళ్లజోడు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివారు. ఆమె చదివించింది. ఆయన ఒక వాక్యం దాటేయబోతే "అదేంటండీ, అక్కడ ఇంకో లైనుంది" అంది. మూడో పేజీలో ఆయనే ఆగిపోయారు. పైన రాసిన గడే కాక, ఆ జిల్లాలో ఆమెకు ఇంకేమున్నా అదీ ఈ అమ్మకంలో చేరినట్టేనని ఒక వాక్యం ఉంది. ఒక్క గడి ధరకు మూడూ. నేను అంత ముచ్చటగా పసుపు రంగు వేసిన రెండూ పోయేవే.

"నేను రాళ్లు చదివినంత శ్రద్ధగా కాగితం చదవలేదమ్మా. సారీ" అన్నారాయన. అంత పెద్దమనిషి అటెండరుకు సారీ చెప్పడం నేను అంతకుముందు చూడలేదు. నేను చెప్పాల్సింది కూడా ఆయనే చెప్పేశారని పిరికిగా సంతోషించాను.

"అయితే అమ్మనని రాసేద్దమా అక్కా?" అన్నాను.

"అమ్మనని కాదండి. అమ్ముతున్నానని తెలిసి అమ్మాలి. నాకు ఇల్లు కావాలి, అబద్ధమెందుకు? ఎర్ర గడి అమ్ముతాను. పసుపువి అమ్మను."

ప్రొఫెసర్ నిజాయితీగా చెప్పారు. "ఆ రెండింటి కింద ఏమీ లేకపోవచ్చమ్మా. బావి ఉన్నది ఎర్రదాంట్లోనే."

"లేకపోతే లేకపోనీండి. మా నాన్న పేరున పైన జానెడు నేల లేదు. మా అమ్మ వండిపెట్టిన చేతికి దొరసానిగారు ఇచ్చింది ఇది. ఏమీ లేని నేలైనా మాదే కదండీ."

మర్నాడు పొద్దున్నే తొందరగా వచ్చి ఉత్తరం టైపు చేశాను. ఎర్ర గడి మాత్రమే అమ్ముతాం, ఇంకేమున్నా అనే వాక్యం తీసేయాలి, ఇష్టమైతే కొత్త కాగితం పంపండి. నా పటాన్ని ఉత్తరానికి జతచేశాను. ఎరుపు మీద 'అమ్మకానికి' అనీ పసుపు మీద 'అమ్మకానికి కాదు' అనీ ఇంగ్లీషులో, నా చేతనైనంత అందంగా రాశాను. ఆమె వేలు పెట్టి రెండుసార్లు చదివి పంపించమంది.

జవాబు రాలేదు. నెల గడిచింది, ఇంకో నెల. ఆమె రిటైరైంది. సన్మానంలో ప్రొఫెసర్ ఆ నలభై చీటీల కథ చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మర్నాడు చర్చి గది తాళం పెద్దలకు అప్పగించి, రామంతాపూర్‌లో ఒక రేకుల గది అద్దెకు తీసుకుంది. సామాను మోయడానికి నేనూ వెళ్లాను. వానాకాలం మొదలైంది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా మంచం ఒక్కో మూల ఉండేది, ఎక్కడ కారకపోతే అక్కడికి జరిపేది. మంచం ఉన్నచోట బకెట్టు, బకెట్టు ఉన్నచోట మంచం.

ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజే సంతకం పెట్టి ఉంటే ఇయ్యాల నీకు సిమెంటు కప్పు ఉండేది గదక్కా. నామీద కోపం లేదా?"

"మీరు సరిగ్గా చదివుంటే నేను చదివేదాన్ని కాదు కదండీ. మీ పుణ్యమాని నా ఇంగ్లీషు పనికొచ్చింది" అని టీ గ్లాసు చేతికిచ్చింది. వెక్కిరించిందో ఓదార్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, టీ వేడి మీదికి నెట్టేశాను.

దసరా వెళ్లిన వారానికి ఫోను చేసింది. "తమ్ముడుగారూ, కవరొచ్చిందండి. నోటరీ దగ్గరికి వస్తారా?"

అదే టేబులు, అదే మెట్లు. కొత్త దస్తావేజు మూడు పేజీలే. చివర ఒక పటం జతచేసి ఉంది. నాదే. నా బాణం, నా కొలబద్ద, నా అక్షరాలు. కంపెనీ వాళ్లు దాన్నే కాపీ తీసి, ఎర్ర గడి చుట్టూ ఒక గీత గీసి, దస్తావేజులో భాగం చేశారు. ధర మొదటిదానికన్నా తక్కువ. రెండు గదులు రావు, ఒక గదీ వంటిల్లూ వస్తాయి. "కారని గది ఒకటి చాలండి" అంది.

పటం చూస్తూ నేను మళ్లీ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాను. ఆమె దాన్ని మెల్లగా నా చేతిలోంచి తీసుకుని బోర్లా పెట్టింది. మొదటి పేజీ నా ముందుకు జరిపింది.

"ఈసారి మీరు చదవండి. నేను వింటాను."

నేను చదవడం మొదలుపెట్టాను. రెండో లైనుకే ఒక మాట ఎగిరిపోయింది. ఆమె నా వైపు ఊరికే చూసింది. అప్పుడు నేను చూపుడు వేలు కాగితం మీద ఆనించాను. ముప్పై రెండేళ్లు వెంట్రుకంత గీతలు గీసిన వేలు, ఒక్కో మాట కిందా ఆగుతూ ముసలి ఎద్దులా నడిచింది. నోటరీ గడియారం చూసుకుని, ఇంక లాభం లేదని పక్కవాడికి టీ చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. పెదాలు కదులుతున్నాయి. బస్సు హారను కొట్టినప్పుడల్లా నేను ఆగి, ఆ మాట మళ్లీ చదివేవాణ్ణి. అలా మూడు పేజీలూ అయ్యాయి.

"ఇంకేమున్నా అనే లైను?"

"లేదక్కా. తీసేసిండ్రు."

"ఆ మాట ఉందా?"

నా వేలు వెనక్కి వెళ్లి రెండో పేజీ మధ్యలో ఆగింది. "ఉన్నది. ఎర్ర గడికి మాత్రమే ఉన్నది. ఫరెవర్."

ఆమె కళ్లు తెరిచింది. "ఆమెన్" అని, పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.